ఓనర్స్ రిస్క్

సికింద్రాబాద్‌లో క్వార్టరు ఖాళీ చేసే రోజు ఎంఈఎస్ (మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్) మనిషి పుస్తకం పట్టుకొచ్చాడు. బల్బులు లెక్కపెట్టాడు. కుళాయిలు తిప్పి చూశాడు. వంటింటి కిటికీ అద్దంలో తలవెంట్రుకంత గీత కనిపెట్టి, సరిహద్దు కంచె దాటుతున్నవాణ్ణి పట్టుకున్నట్టు మా ఆయన్ని చూశాడు. బారక్ డ్యామేజీ కింద డబ్బు కట్టించుకుని, రసీదిచ్చి, అప్పుడుగాని మార్చింగ్ అవుట్ కాగితం మీద సంతకం పెట్టలేదు.

ఆ మధ్యాహ్నమే మా పదహారేళ్ల సంసారాన్ని నలుగురు కుర్రాళ్లకూ ఒక టేపు చుట్టకూ అప్పజెప్పాం. వాళ్లను ఏ పుస్తకమూ ఏమీ అడగలేదు.

సర్కారుకు మా సంసారం బరువు బాగానే తెలుసు. ఏడో వేతన సంఘం లెక్కల్లో బదిలీ సామాను సిపాయికీ నాయక్‌కీ 1500 కిలోలు, హవల్దారుకు 3000. నాయబ్ సుబేదారు అయ్యాడా, ఏకంగా 6000. అంటే భుజాన నక్షత్రం పడిన రాత్రే ఇంట్లో మంచాలు పిల్లలు పెట్టాలన్నమాట. పైన మూల వేతనంలో 80 శాతం బదిలీ గ్రాంటు. ఈ లెక్క మాకన్నా ముందు కంఠతా పట్టినవాళ్లు ప్యాకర్స్ అండ్ మూవర్స్. ఫోనెత్తగానే "సార్, ర్యాంకేంటి?" అంటారు. సామానేంటి అని కాదు. రెండో ప్రశ్న, "క్లెయిముకి బిల్లు ఎంతకి రాయమంటారు?" (మనవాళ్లలో కొందరికి ఆ రెండో ప్రశ్నే ముద్దు. అది మనలో మాట.) మూడు కంపెనీల కొటేషన్లు తెప్పిస్తే, మూడింటిలోనూ రిఫ్రిజిరేటర్ స్పెల్లింగు ఒకేలా తప్పింది.

సూపర్‌వైజరు ఇల్లంతా ఓ చూపు చూసి "టెన్షన్ నై లేనేకా మేడమ్" అన్నాడు. నాకు టెన్షన్ మొదలైంది అప్పుడే. అమ్మమ్మగారి రాతి రోలుకు బబుల్ షీటు నాలుగు చుట్లు చుట్టారు. అద్దాల అల్మరా మీద మా పాత దుప్పటే కప్పారు. ఆ తర్వాత మొదలైంది అసలు సాహిత్యం, ప్యాకింగ్ లిస్టు. "బీరువా: పాతది, సొట్ట. ఫ్రిజ్: పాతది, గీతలు. టీవీ: పనిచేస్తుందో లేదో చూడలేదు." అతను ఆ ముక్క రాస్తున్నప్పుడు ఆ టీవీలో వార్తలొస్తున్నాయి. దీపావళికి కొన్న వాషింగ్ మెషీనుకు కూడా 'పాతది' అని రాస్తుంటే ఇదేమిటని అడిగాను. "ఫార్మాలిటీ మేడమ్." ఎంఈఎస్ వాడు ఉన్న గీతను వెతుక్కుంటాడు. వీళ్లు గీతను ముందు కాగితం మీద రాసి పెట్టుకుని, తర్వాత దారిలో తీరిగ్గా గీస్తారు.

మా కొత్త పోస్టింగు పఠాన్‌కోట్‌కు ఆరు రోజులన్నారు. పిల్లల టీసీలు, రైలు, కొత్త బడి, అన్నీ అయ్యాయి. లారీ మాత్రం నాగపూర్ దాకా వచ్చి గాలిలో కలిసిపోయింది. తొమ్మిదో రోజు ఫోను: "బరువు ఎక్కువొచ్చింది సార్, కాటా చీటీ ఉంది. రూ.18,000 వేస్తే బండి కదుల్తది." బందీలను విడిపించడంలో మన సైన్యానికి గొప్ప పేరుంది. మా ఆయన మాత్రం ఫోన్లోనే డబ్బు వేశాడు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరిస్తే ఎలా?

పందొమ్మిదో రోజు రాత్రి పదకొండింటికి వేరే లారీ, వేరే డ్రైవరు. "ముందు సంతకం, తర్వాత దింపుడు." పెట్టాడాయన. ఎవరో పిల్లవాడి మూడు చక్రాల సైకిలు దిగింది, మా కుక్కరు దిగలేదు. తెల్ల పెయింటుతో నంబరూ ర్యాంకూ యూనిటూ రాసిన నల్ల ట్రంకు పెట్టెలు మాత్రం మూడూ దిగాయి. వాటిని ఎత్తుకెళ్లే ధైర్యం ఎవడికీ ఉండదు గదా. టీవీ నిజంగానే పనిచేయలేదు, లిస్టు రాసినవాడిది ఎంత దూరదృష్టి! మూడు తరాలు మినప్పప్పు రుబ్బినా చెక్కుచెదరని రోలు, నాలుగు చుట్ల బబుల్ షీటులో, సరిగ్గా మధ్యకు రెండు ముక్కలైంది. రాయిని పగలగొట్టడానికి మా రెజిమెంటులో ఇంజనీర్లను పిలుస్తారు.

సామాను విలువ మీద ఇన్సూరెన్సని 3 శాతం తీసుకున్నారు కదా, పాలసీ నంబరు చెప్పమన్నాను. "అది ఇన్సూరెన్స్ కాదు మేడమ్, రిస్క్ కవరేజి." ఎవరి రిస్కు? బిల్టీ (లారీ రసీదు) వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: ఓనర్స్ రిస్క్. రోడ్డు రవాణాపై 2007లో చేసిన చట్టం ప్రకారం బుకింగైన 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసివ్వాలి. నలభయ్యో రోజే రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. జవాబు ఒక్క వాక్యం: సామాను మంచి స్థితిలో అందినట్టు మీవారి సంతకమే ఉంది. జిరాక్సు జతపరిచారు. ఇంత దూరం ప్రయాణించి మడత నలగకుండా చేరిన వస్తువు అదొక్కటే.

నిన్న ఇక్కడి ఎంఈఎస్ మనిషి మార్చింగ్ ఇన్‌కి పుస్తకం పట్టుకొచ్చాడు. బల్బులు లెక్కపెట్టాడు, కుళాయిలు తిప్పాడు. వరండా తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన సగం రోలు దగ్గర ఆగాడు.

"ఇది మా లిస్టులో లేదే."

"మాదే."

"వెళ్లేటప్పుడు వదిలేసి పోతే ఎత్తించిన ఛార్జి మీకే పడుతుంది." మిగతా సగం ఎక్కడుందో కూడా అడిగి, వెళ్లి చూసి, రాసుకున్నాడు: రాళ్లు, రెండు.