బావి దగ్గరికి పోయే మనిషి ఏడీ?

మా రోజుల్లో నీటిమట్టం అంటే మనిషి పోయి, వంగి, చూసొచ్చిన అంకె. ఇప్పుడు సెన్సర్ పంపిన అంకె. రెండూ మీటర్లలోనే ఉంటాయి, ఒకే పట్టికలోకి ఎక్కుతాయి. కానీ నా ఉద్యోగమంతా అనంతపురం, కడప జిల్లాల్లో బావిగట్ల మీదే గడిచింది కనక చెబుతున్నా, ఆ రెండూ ఒకటి కావు. యంత్రం పెట్టడం తప్పని నేనెప్పుడూ అనలేదు. యంత్రం పెట్టి మనిషిని మాన్పించారే, అదీ నా గొడవ.

స్టీలు టేపు, సుద్దముక్క, ఎర్ర పెయింటు డబ్బా, నోటు పుస్తకం. మా సరంజామా ఇంతే. బావి గోడ మీద ఒకచోట ఎర్రగీత ఉంటుంది, ఎప్పుడు కొలిచినా అక్కణ్ణుంచే కొలవాలి. టేపు చివర బరువు కట్టి, మొదటి మీటరు పొడవునా సుద్ద రుద్ది, నిదానంగా దించాలి. పది మీటర్ల గుర్తు ఎర్రగీతకు తగలగానే ఆపి పైకి లాగితే, సుద్ద ఎంతమేర తడిసిందో కనిపిస్తుంది. 62 సెంటీమీటర్లు తడిస్తే నీళ్ళు 9.38 మీటర్ల లోతున ఉన్నట్టు. ఇంకోసారి దించాలి. రెండుసార్లూ ఒకే లెక్క వస్తేనే పుస్తకంలోకి.

అయితే టేపు దించేముందు అడగాల్సిన మాట ఒకటుంది. మోటారు ఎప్పుడు ఆపినారు?

"తెల్లారుజామున కరెంటు పోయేదాకా ఆడింది సారూ, ఇంకా ఊరలేదు. కూసోండి, మజ్జిగ తాగుదురు" అనేవాడు రైతు. బావి తేరుకునేదాకా వేపచెట్టు కింద కూర్చునేవాళ్ళం. అసలు సంగతులన్నీ అక్కడే తెలిసేవి. పక్క చేనాయన కొత్తగా బోరేశాడని, వేరుశనగ తీసేసి చీనీ చెట్లు పెట్టాడని, వంకలో ఊట ఈసారి సంక్రాంతికే నిలిచిపోయిందని, ఊళ్ళో పిల్లల పళ్ళ మీద గార మచ్చలు వస్తున్నాయని. ఇవన్నీ రిమార్కుల గడిలో రాసేవాళ్ళం. పళ్ళ మచ్చల సంగతి చిన్నది కాదు. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతాల్లోనే. జనం పళ్ళూ కీళ్ళూ చూసిన తర్వాతే నీళ్ళ మీద అనుమానం వచ్చింది. ఇప్పటి పట్టికల్లో రిమార్కుల గడే లేదు.

న్యాయంగా మాట్లాడాలంటే యంత్రం చేసే మేలు పెద్దదే. కేంద్ర భూగర్భ జల మండలి పరిశీలన బావులను ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. జనవరిలో, వానలకు ముందు వేసవిలో, ఆగస్టులో, నవంబరులో. నాలుగంటే నాలుగే అంకెలు. 1995లో ప్రపంచ బ్యాంకు అప్పుతో హైడ్రాలజీ ప్రాజెక్టు మొదలయ్యాక, నీళ్ళు తోడకుండా మట్టం చూడటానికే ఉండే పీజోమీటరు బోర్లు వేసి, వాటిలో డిజిటల్ రికార్డర్లు దించారు. కొన్ని గంటలకొక అంకె. రాత్రి పడిన వానకు మట్టం ఎప్పుడు లేచిందో, ఊరంతా మోటార్లు వేయగానే ఎట్లా దిగజారిందో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. ఆ గ్రాఫు మొదటిసారి చూసినప్పుడు నేను ఎంత సంతోషించానో మాటల్లో చెప్పలేను.

కానీ ఆ రికార్డరు దగ్గరికి ఎవరు పోతారు? ఒక ఊళ్ళో నెలల తరబడి గీత తిన్నగా ఉండిపోయింది. మండు వేసవిలోనూ అంతే, తుపాను వానలోనూ అంతే. ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు. నేను వేరే పని మీద అటు పోయి మూత తీస్తే లోపల కందిరీగల గూడు, తెగిన వైరు. ఆ అంకెలు అప్పటికే నివేదికలోకి ఎక్కాయి. రాయి కదిలినా కదలని నీళ్ళు రాయలసీమలో ఎక్కడైనా ఉంటాయా అని అడిగే మనిషి ఒక్కడుంటే చాలు కదా!

మా కిందున్న నేల తీరు తెలిస్తే ఈ కోపం ఎందుకో అర్థమవుతుంది. పైన పది ఇరవై మీటర్లు మెత్తబడిన రాయి, దాని కింద గట్టి రాతిలో అక్కడక్కడ పగుళ్ళు. నీళ్ళున్నది వీటిల్లోనే. ప్రభుత్వ లెక్కల్లో వాడే ప్రమాణం ప్రకారం మెత్తబడిన గ్రానైటు ఘనమీటరుకు మన చేతికొచ్చే నీరు సుమారు 30 లీటర్లు. అంతే! ఒక పగులు దొరికిన బోరు పోస్తుంటే, యాభై అడుగుల అవతల బోరు దుమ్ము లేపుతుంది. 2002లో అమెరికా, జర్మనీ కలిసి వదిలిన గ్రేస్ ఉపగ్రహాలు భూమి ఆకర్షణలో తేడాలు పట్టి భూగర్భ జలం తరుగుదలను లెక్కగట్టాయి. గొప్ప శాస్త్రం, కాదనను. అది వందల కిలోమీటర్ల మేరకు చెప్పే మాట. మా ఊరి ఉత్తరపు చేలో నీళ్ళున్నాయా అంటే దానికి జవాబు రాదు.

కరెంటు సంగతి చెప్పకుండా నీళ్ళ సంగతి చెప్పలేం. తవ్వుడు బావులు ఎండి, వాటిలో అడ్డబోర్లు వేసి, అవీ ఎండాక తిరుచెంగోడు బోరులారీలు ఊళ్ళోకి వచ్చాయి. రాత్రికి రాత్రి నాలుగొందల అడుగులు. ఆపైన వెయ్యి అడుగులు దాటిన ఊళ్ళూ ఉన్నాయి. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. బోరు ఎండి అప్పులపాలైన రైతును కళ్ళారా చూసినవాణ్ణి, ఆ ఉచితం తీసేయమని నా నోటితో అనను. కానీ తోడే నీళ్ళకు కొలత లేకుండా పోయింది. ఊళ్ళో ఇన్ని బోర్లు, బోరుకు ఏడాదికి ఇంత తోడకం అని అంచనా కట్టి హెచ్చవేస్తారు. ఆ బోర్లలో ఎన్ని ఎండాయో, ఎన్ని పోస్తున్నాయో తిరిగి చూసిందెవరు? కొలవడం వేరు, బిల్లు వేయడం వేరు. రైతుకు ఈ తేడా నమ్మకంగా చెప్పగలిగేది అతని చెట్టు కింద కూర్చుని మజ్జిగ తాగిన మనిషే.

మా చిన్నప్పుడు పెన్న, చిత్రావతి ఇసుకలో కాలువ తవ్వితే ఊట వచ్చేది. ఆ ఊట కాలువల కిందే మడులు పండేవి. ఇసుక లారీలకెక్కింది, మట్టం అడుగంటింది, కాలువలు పూడిపోయాయి. బావుల్లోకి వంగిన కొమ్మలకు గిజిగాళ్ళు గూళ్ళు కట్టేవి, గోడ సందుల్లో పావురాలు, అడుగున తాబేళ్ళు. ఎండిన బావిలో ఇప్పుడు చెత్త పోస్తున్నారు. చిలమత్తూరు దగ్గర వీరాపురానికి ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళోని చింతచెట్ల మీద పిల్లలు చేస్తాయి. ఊరివాళ్ళు వాటిని ఆడబిడ్డల్లా చూసుకుంటారు. పిల్లలకు మేత చుట్టుపక్కల చెరువుల చేపలే. చెరువు ఎండితే కొంగకూ కష్టమే, ఆ చెరువు కింది బావికీ కష్టమే. కానీ కొంగలను లెక్కపెట్టేది ఒక శాఖ, నీళ్ళను ఇంకొకటి, కరెంటును మరొకటి. ప్రాణులనూ నీళ్ళనూ ఒకేచోట చూసే దేశమూ ఉంది. అమెరికా భూగర్భ సర్వే 1879లో పుట్టింది. 1996లో జీవజాలం మీద పనిచేసే పరిశోధకులను కూడా అందులోనే కలిపారు. అంత సాంకేతికత ఉన్నా వాళ్ళ మనుషులు ఇప్పటికీ ఏటి గట్టుకు పోయి చేత్తో ప్రవాహం కొలిచి, యంత్రం చెప్పింది సరేనా అని చూస్తారు. మనం ఆ దేశం యంత్రాలు తెచ్చుకున్నాం, ఈ అలవాటు తెచ్చుకోలేదు.

మా ప్రాంతంలోనూ ఒక మంచికాలం నడిచింది. 2003 తర్వాత కొన్నేళ్ళు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలం కొలుచుకున్నారు. పదిహేను రోజులకొకసారి వాళ్ళే బోరులో మట్టం చూసి, వాన కొలిచి, ఊళ్ళో బోర్డు మీద రాసేవాళ్ళు. రబీకి ముందు అందరూ కూడి, భూమిలో ఇంత నీరుంది, ఇన్నెకరాల వరికి ఇంత కావాలి, చాలదు అని లెక్క తేల్చేవాళ్ళు. వరి తగ్గించి ఆరుతడి పంటకు మారిన ఊళ్ళున్నాయి. చదువురాని అమ్మలు మట్టం లెక్క నోటితో గడగడా చెప్పేవాళ్ళు. ప్రాజెక్టు ముగిసింది, నిధులు ఆగాయి, చాలా ఊళ్ళలో బోర్డుల మీద రంగు వెలిసింది.

ఆఫీసులవాళ్ళను నేను అడిగేది పెద్ద ఖర్చుతో అయ్యే పని కాదు. రికార్డరు ఉన్న ప్రతి బోరు దగ్గరికీ వానలకు ముందొకసారి, తర్వాతొకసారి మనిషి పోయి టేపు దించాలి. రెండు అంకెలూ పక్కపక్కన రాయాలి, తేడా వస్తే కారణం రాయాలి. రిమార్కుల గడి మళ్ళీ తేవాలి. ఖాళీగా ఉన్న ఫీల్డు పోస్టులు నింపాలి. అక్టోబరులో, రైతు విత్తనం కొనకముందే, ఊరి మట్టం ఎంతో అడుగుల్లో రాసి రైతు సేవా కేంద్రం గోడ మీద పెట్టాలి. సెల్లులో చూసుకోవచ్చు కదా అని ఒక కుర్ర ఇంజనీరు అన్నాడు. చూసుకోవచ్చు నాయనా. మరి నీ సెల్లులో ఉన్న ఆ బోరు ఏ చేలో ఉందో, దాని మూత ఆఖరుసారి ఎవరు తీశారో నాకు చెప్పు.