సంపాదకులు ఫుల్లు... వ్యాసాలు నిల్లు!

గోదారి గట్టున ఇంకో పరిశోధన పత్రిక పుట్టిందటండీ. అంతర్జాతీయం, పైగా ‘ఓపెన్ యాక్సెస్’. చదివేవాడికి పైసా ఖర్చుండదు. మరి డబ్బెవరిస్తారంటారా? రాసేవాడే! పెళ్లి భోజనం ఊరందరికీ ఉచితం, అప్పు పిల్ల తండ్రిది. అచ్చం అలాగే.

ఆవిష్కరణకి శాలువాలొచ్చాయి, ఆత్రేయపురం పూతరేకులొచ్చాయి, సంపాదకవర్గంలోకి ముప్పైమంది డాక్టర్లొచ్చారు. వ్యాసం మాత్రం ఒక్కటే వచ్చింది, అదీ ప్రధాన సంపాదకులవారిది. దాని సమీక్ష కాఫీ చల్లారేలోపే పూర్తి: ‘‘ఆయ్, బెమ్మాండం!’’ అట్టమీద పత్రికల గుర్తింపు సంఖ్య ఐఎస్‌ఎస్‌ఎన్ మెరిసిపోతోంది. మనదేశంలో అది ఉచితంగానే ఇస్తారు. డోర్ నంబరు పడినంత మాత్రాన గోడలు గట్టివని కాదు కదండీ.

ఇదే గోదారి గట్టున రాజమండ్రి నుంచి 1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ మొదలుపెట్టారు. మొదట్లో అచ్చు మద్రాసులో. ముప్పైమంది సంపాదకవర్గం లేకపోయినా, లంచగొండి అధికారుల గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి.

పరిశోధన పత్రికల వ్యాపారంలో మన పేరూ విదేశాల్లో మోగిందిలెండి. సమీక్ష జరిగిందని మభ్యపెట్టి, రుసుముల సంగతి దాచినందుకు హైదరాబాద్ ప్రచురణ సంస్థ ఒమిక్స్‌ను 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని 2019లో అమెరికా కోర్టు ఆదేశించింది. 2025లో యూజీసీ నమ్మదగిన పత్రికల ‘కేర్’ జాబితానే ఎత్తేసింది. ఇక మంచీచెడ్డా కాలేజీలే తేల్చుకోవాలి.

రెండో సంచిక ఎప్పుడండీ అంటే, ‘‘2027 పుష్కరాలకి చూద్దాం’’ అన్నారు.