విమానం మారే లోపల ఊరి బతుకు

మన వైపు నుంచి విదేశాలకు పోయేవాళ్ళకు ఈమధ్య ఒక కొత్త ఘనకార్యం దొరికింది. హిందూపురం నుంచి దేవనహళ్ళి విమానాశ్రయానికి కారులో దాదాపు రెండు గంటల దారి. 2008లో అది తెరిచినప్పటి నుంచి పెనుకొండ, ధర్మవరం వాళ్ళకు కూడా మెల్‌బోర్న్ పక్క ఊరైపోయింది. అక్కడున్న కొడుకు దగ్గరికో, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న కూతురి పురుటికో బయల్దేరిన దంపతులకు నడుమ సింగపూర్‌లోనో, కౌలాలంపూర్‌లోనో విమానం మారడానికి ఎనిమిది గంటలు మిగులుతాయి. ఇదివరకు ఆ ఎనిమిది గంటలూ కుర్చీల మీద కాళ్ళు చాపుకుని, డబ్బాలో తెచ్చుకున్న చిత్రాన్నం తిని, ఒకరు కునుకు తీస్తుంటే ఇంకొకరు బ్యాగులకు కాపలా కాసేవాళ్ళు. ఇప్పుడలా కూర్చుంటే పరువు తక్కువ. బయటికి పోవాలి, మెట్రో ఎక్కాలి, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఏదో ఒకటి జుర్రుకోవాలి, తిరిగొచ్చి విమానం తలుపు మూసేలోపల స్టేటస్ పెట్టాలి: సింగపూర్ లోకల్ లైఫ్ ఎక్స్‌పీరియన్స్ చేశాం! ఊరు చూశామని చెప్పుకుంటే ఎవరికీ నొప్పి లేదు. ఆ ఊళ్ళోవాళ్ళ బతుకే రుచి చూసి వచ్చామనడం దగ్గరే పేచీ.

ఈ గొప్ప మనవాళ్ళకు సొంతంగా తోచింది కాదు, ఎవరో అంటగట్టిన సరుకు. 2016లో ఎయిర్‌బీఎన్‌బీ కంపెనీ, ఊరికే వెళ్ళిరావద్దు, అక్కడే బతకండి అనే అర్థం వచ్చేలా ప్రపంచమంతా ప్రకటనలు గుప్పించింది. ఒక్క రాత్రికి గది తీసుకున్నవాడికి కూడా బతుకు అమ్మేశారన్నమాట. విమానాశ్రయాలు అంతకన్నా పొదుపరులు. సింగపూర్ విమానాశ్రయం చాంగీలో ఐదున్నర గంటలకు తక్కువ కాకుండా, ఇరవై నాలుగు గంటల లోపు ఆగేవాళ్ళను ఉచితంగా బస్సెక్కించి, రెండున్నర గంటల్లో ఊరు తిప్పి తెచ్చి దింపుతారు. సియోల్ దగ్గర ఇంచియాన్‌లోనూ, తైపేలోనూ ఇలాంటి ఏర్పాట్లే ఉన్నాయి. ఉచితమంటే మనకు ప్రాణం కాబట్టి తప్పు పట్టలేం. కానీ లెక్క చూడండి. ఎనిమిది గంటల్లో దిగి, ఇమిగ్రేషన్ క్యూ దాటి బయటపడేసరికి గంట పోతుంది. తర్వాతి విమానానికి రెండు గంటల ముందే వచ్చి కూర్చోవాలి. మిగిలిన ఐదింటిలో రానూపోనూ దారి తీసెయ్యాలి. చాంగీ ఊరికి దగ్గర కాబట్టి సరిపోయింది. కౌలాలంపూర్ విమానాశ్రయం నగరానికి యాభై కిలోమీటర్ల పైన ఉంది, టోక్యో పేరు చెప్పుకునే నరీటా అరవై. అసలు తలుపు తెరుచుకునే పద్ధతి ఇంకా తమాషా. ఆస్ట్రేలియా, అమెరికా లాంటి కొన్ని దేశాల వీసా చేతిలో ఉన్న భారతీయుణ్ణి, షరతులు కుదిరితే, సింగపూర్ తన వీసా అడక్కుండా 96 గంటల దాకా దారి మజిలీకి రానిస్తుంది. అంటే నీకు స్థానికుడయ్యే అర్హత ఉందో లేదో నువ్వు పోబోయే ఇంకో దేశం తేల్చాలి! ఆ మిగిలిన మూడు నాలుగు గంటల్లోనే ఒక జాతి మొత్తం బతుకును జీర్ణం చేసుకుని, గేటు మూసేలోపల పరుగెత్తాలి.

కొన్ని గంటల్లో ఊరి బతుకు చూశామనే ఈ వాదనలో పస ఎంతో తేల్చడానికి సింగపూర్ దాకా పోనక్కర్లేదు. అదే కొలత మన ఊళ్ళకు పెట్టి చూద్దాం. టోక్యో ఆసామి ఒకాయనకు దేవనహళ్ళిలో విమానం మారడానికి పన్నెండు గంటలు దొరికాయనుకోండి. తెల్లారేసరికి హిందూపురంలో దిగి ఉగ్గాని, బజ్జీ తింటాడు. అక్కడికి పదిహేను కిలోమీటర్ల లేపాక్షిలో, వేలాడే స్తంభం కిందనుంచి అందరిలాగే ఒక గుడ్డ ఇటునుంచి అటు లాగి అబ్బురపడతాడు. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారెక్కి పెనుకొండలో గగన్‌మహల్ ముందు ఒకటి, కాళ్ళు చాపి పడుకున్న కుంభకర్ణుడి విగ్రహం ముందు ఒకటి ఫొటో దిగుతాడు. మధ్యాహ్నం ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ పుణ్యమా అని వెలిసిన కొరియా హోటల్లో నూడుల్స్ తిని, ఇక్కడి జనం చాప్‌స్టిక్స్ వాడతారని డైరీలో రాసుకుంటాడు. ధర్మవరంలో మగ్గం మీద చెయ్యి వేసి ఒక ఫొటో, ఒక పట్టుచీర, ఆపైన పరుగో పరుగు. విమానమెక్కి, రాయలసీమ బతుకును లోపలి నుంచి చూశానని రాసుకుంటాడు. అది చదివితే హిందూపురం మెయిన్‌బజారులో ఎంత నవ్వుకుంటారో చెప్పక్కర్లేదు. ఆ నవ్వే సింగపూర్‌లోనూ, బ్యాంకాక్‌లోనూ మన వెనకాల వినబడుతుంటుంది. మనకు వాళ్ళ భాష రాదు కాబట్టి పలకరింపు అనుకుంటాం.

ఇంతకూ ఆ టోక్యో ఆసామి ధర్మవరంలో చూడనిదేమిటి? మగ్గం చూశాడు, నేసేవాణ్ణి చూశాడు, నాడె అటూ ఇటూ పరుగెత్తడం కూడా చూశాడు. చూడనిది మగ్గం ఆగిపోయిన రోజు. పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగులోని వేల పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటీ వేళ్ళతో మెలివేసి అతకాలి. దానికి వేరే పనివాళ్ళు ఉంటారు. వాళ్ళు వచ్చేదాకా కాచుకోవాలి, వాళ్ళ కూలి వేరే. వానలు పట్టుకుంటే మగ్గం గుంతలో నీళ్ళు ఊరతాయి. కాళ్ళు పెట్టి తొక్కాల్సిన చోట చెంబుతో తోడుకుంటూ కూర్చోవాలి, ఎన్నాళ్ళు ఊరితే అన్నాళ్ళు కూలి లేదు. పట్టూ జరీ ఇచ్చే షావుకారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు మాత్రం వానకు తడవదు. నేసేవాడికి దక్కేది కూలి, ఆ కూలిలోనే కండెలు చుట్టిన ఇల్లాలి కష్టమూ కలిసిపోయి ఉంటుంది. కొన్ని రకాల చీరలు చేనేతకే ప్రత్యేకించాలని 1985లో చట్టం చేశారు. అయినా మరమగ్గం మీద దిగిన చీర చేనేత పేరుతో పక్క కొట్లో సగం ధరకు వేలాడుతూనే ఉంటుంది. భౌగోళిక గుర్తింపు ముద్ర కూడా వచ్చింది కానీ, ఆ ముద్ర చూసి షావుకారు బాకీ కొట్టేసిన దాఖలా లేదు. వీటిలో ఒక్కటీ ఫొటోకు చిక్కదు. ఎందుకంటే ఇదంతా వాయిదాల్లో, ఎదురుచూపుల్లో, పోయిన ఏడాది బాకీలో దాక్కున్న బతుకు. దాన్ని చూడాలంటే కనీసం ఒక వానాకాలమన్నా అక్కడ పనిలేకుండా కూర్చోవాలి.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ కూడా అంతే. కొత్తవాడికి అక్కడ కనబడేది బుట్టల్లో తెల్లగా, పసుపుగా మెరిసే గూళ్ళు. మంచి ఫొటో వస్తుంది, కాదనను. గూళ్ళ పక్కన కూర్చున్న రైతు తల్లో తిరిగేది వేరే లెక్క. దారం తీసే రీలర్లు పాడిన ధరకు ఇచ్చెయ్యాలా, సరిహద్దు దాటి రామనగరం దాకా మోసుకుపోవాలా? పోతే బాడుగ ఎవరు పెట్టుకోవాలి? రేపు చూద్దామని ఇంటికి తీసుకుపోయే సరుకు కాదది. కొద్ది రోజులు దాటితే లోపలి పురుగు చిలకై గూడు చీల్చుకుని బయటికొస్తుంది, ఆ గూడు దారానికి పనికిరాదు. ఆ కాసేపట్లో తేలే ధర మీద ఇంట్లో ఫీజులూ, మల్బరీ తోటకు నీళ్ళూ ఆధారపడి ఉంటాయి. ఈ భయం లేనివాడికి ఆ మార్కెట్ రంగుల సంత. భయం ఉన్నవాడికే అది లోకల్ లైఫ్. డబ్బు పోయే ప్రమాదం లేకుండా, ఒకరికి జవాబు చెప్పుకోనక్కర్లేకుండా, నచ్చకపోతే లేచిపోగలిగిన చోట మనం ఎంతసేపు కూర్చున్నా ప్రేక్షకులమే.

దీనికి ప్రయాణాల కంపెనీల దగ్గర ఒక విరుగుడు ఉంది: అందరూ చూసేవి కాకుండా లోపలి సందులు చూపిస్తాం, ఇళ్ళలోకే తీసుకుపోతాం అంటారు. డీన్ మెక్కానెల్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఈ గుట్టు విప్పాడు. యాత్రికుడు తెర వెనక ఏముందో చూడాలని ఉబలాటపడతాడు, అది కనిపెట్టి ఊరు అతని కోసం ఇంకో తెర వెనకను తయారు చేసి పెడుతుంది అన్నది ఆయన వాదన. రోజూ పదిమంది అపరిచితులు వచ్చిపోయే వంటిల్లు ఎంత నిజమైనదైనా హోటలే. ధర్మవరంలో రేపు బస్సుల్లో జనం దిగడం మొదలైతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. దుకాణం ముందుగదిలో ఒక మగ్గం వెలుస్తుంది. దాని మీద ఎప్పటికీ పూర్తికాని ఒక చీర ఉంటుంది. గుంతలో నీళ్ళు మాత్రం ఊరవు.

కొత్త కళ్ళకు కనబడేది పాత కళ్ళకు కనబడదు కదా అనేవాళ్ళున్నారు. నిజమే. మన విజయనగర చరిత్రలో సగం వెలుగు పరాయివాళ్ళు పెట్టిన దీపాలదే. పెనుకొండ విజయనగర రాజులకు రెండో రాజధానిలా ఉండి, 1565 యుద్ధం తర్వాత అసలు రాజధానే అయిన ఊరు. ఆ యుద్ధానికి ముందటి వైభవాన్ని తెలుసుకోవాలంటే పోర్చుగీసు పేయిస్‌నూ, నూనిజ్‌నూ తిరగెయ్యాల్సిందే. అయితే నూనిజ్ గుర్రాల వ్యాపారి. సరుకు తెచ్చి, బేరాలాడి, ఏళ్ళ తరబడి అక్కడ మసిలినవాడు. అందుకే ఏ నాయకుడికి రాబడి ఎంత, రాజుకు కట్టేది ఎంత అన్న లెక్కలు అతని రాతల్లో ఉన్నాయి. డబ్బు ఇరుక్కున్నవాడి చూపు అది. ఇంత తెలిసినా విజయనగరంలో స్థానికుడిలా బతికానని అతను చాటుకోలేదు. మనవాళ్ళకు ఒక నూడుల్స్ గిన్నె చాలు.

ఇంకో మాట ఉంది, దానికి కాస్త బరువుంది. సెలవులు లేవు, డబ్బు లేదు, ఆ నాలుగు గంటలు కూడా బయటికి పోవద్దంటే ఎట్లా? ఎవరూ వద్దనలేదు. శుభ్రంగా పొండి, ఇష్టమైంది తినండి. సింగపూర్ హాకర్ సెంటర్ల భోజన సంస్కృతిని 2020లో యునెస్కో తన జాబితాలో చేర్చుకుంది. రుచి చూడకుండా వస్తేనే తప్పు. వాళ్ళకూ నాలుగు డాలర్లు మిగులుతాయి. నేను గొణిగేది తిన్నందుకు కాదు, తిన్నదానికి బిల్లుతోపాటు పౌరసత్వం కూడా ఇచ్చారని చెప్పుకున్నందుకు. ఆ హాకర్ సెంటర్లో పక్క బల్ల దగ్గర ఆదరాబాదరాగా తింటున్న మనిషి బహుశా ప్రభుత్వం కట్టిన ఫ్లాట్‌లో ఉంటాడు. ఆ దేశంలో పదిమంది నివాసుల్లో ఎనిమిదిమంది దాకా ఉండేది వాటిలోనే. ఆ ఫ్లాటు కోసం ఎన్నేళ్ళు కాచుకున్నాడో, దాని అప్పు ఎప్పటికి తీరుతుందో, మళ్ళీ ఎవరికి అమ్ముకోవచ్చో, ఎవరికి అమ్ముకోకూడదో, అదంతా అతని బతుకు. దాని గురించి చాంగీ ఉచిత బస్సులోని గైడు చెప్పడు, మనమూ అడగం. అడిగినా అర్థమయ్యేలోపల గేటు పిలుపు వస్తుంది.

పోనీ, పరాయి ఊరి బతుకును నిజంగా బతికినవాళ్ళు మనలో లేరా అంటే దండిగా ఉన్నారు. వాళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సింగపూర్‌లోనే లిటిల్ ఇండియాకు ఆదివారం సాయంత్రం వచ్చే కట్టడం పనివాళ్ళున్నారు. తమిళులు, తెలుగువాళ్ళు, బంగ్లాదేశీయులు. 2013 డిసెంబరులో ఒక పనివాడు బస్సు కిందపడి చనిపోయాక అక్కడ అల్లర్లు చెలరేగాయి. తర్వాత 2015లో మద్యం మీద చట్టం తెచ్చి ఆ వీధులకు ప్రత్యేక ఆంక్షలు పెట్టారు. వాళ్ళు ఆ ఊరి కానూన్లు, కాంట్రాక్టర్లు, డార్మిటరీల మంచాలు, ఇంటికి డబ్బు పంపే కొట్టు అన్నీ ఒంటి మీద అనుభవించినవాళ్ళు. స్టాపోవర్ దంపతులు అదే సెరంగూన్ రోడ్డులో దోసె తిని, లోకల్ లైఫ్ వెతుక్కుంటూ వాళ్ళను దాటుకుని చైనాటౌన్ వైపు పోతారు. మనవాడైతే లోకల్ ఎట్లా అవుతాడు మరి!

అంత దూరం కూడా వద్దు. బెంగళూరుకు మన హిందూపురం నుంచి రోజూ మెము రైలెక్కి కూలికీ, సెక్యూరిటీ పనికీ, గార్మెంట్స్‌కూ పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్ళున్నారు. బెంగళూరు కూడా ఆసియాలో పెద్ద నగరమే, వాళ్ళు అక్కడ ఆగేదీ రోజుకు కొన్ని గంటలే. ఒక్క తేడా ఉంది: వాళ్ళు మర్నాడు మళ్ళీ పోవాలి. ఏ మేస్త్రీ కూలి ఎగ్గొడతాడో, ఏ గేటు దగ్గర ఆధార్ కార్డు అట్టిపెట్టుకుంటారో, యలహంకలో దిగితే ఎంత నడవాలో, ఆలస్యమైతే ఏ అబద్ధానికి కన్నడంలో ఏ మాట వాడాలో వాళ్ళకు తెలుసు. బెంగళూరు లోకల్ లైఫ్ మీద వాళ్ళు పుస్తకాలు చెప్పగలరు. ప్రయాణాల కంపెనీవాళ్ళు వాళ్ళనే గైడ్లుగా పెట్టుకోవచ్చు కదా అంటే, ఆ టూరు తెల్లవారుజామున స్టేషన్‌లో మొదలై, జనరల్ పెట్టెలో నిలబడి సాగుతుంది. మధ్యలో భోజనం ఇంటి నుంచి తెచ్చుకున్న సద్దే. దానికి టికెట్టు ఎవరు కొంటారు?