గెలిపించ ప్రార్థన (టీకా తాత్పర్య సహితము)

మూలం: మీ అమూల్యమైన ఓటును మా గుర్తుపై వేసి, అత్యధిక మెజారిటీతో గెలిపించ ప్రార్థన.

అవతారిక. ఈ వాక్యాన్ని ఎవరు రచించారో తెలియదు. గోడల మీద, కరపత్రాల మీద, ఆటోలకు కట్టిన మైకుల్లో పరంపరగా వస్తున్నది. పార్టీలు మారినా, జెండాలు మారినా పాఠం మారలేదు. కర్త తెలియని వాక్యాన్ని అపౌరుషేయమనడం పెద్దల సంప్రదాయం కనుక దీన్నీ ఆ కోవలో చేర్చవచ్చు. 2029లో రావలసిన లోక్‌సభ ఎన్నికల ముందు దీనికి మరొకసారి పారాయణ తప్పదు. వ్యాఖ్య రాయడానికి మా పాతపట్నానికి ఉన్న అధికారమేమిటంటే, దేశపు మొట్టమొదటి సార్వత్రిక ఎన్నికల్లో లోక్‌సభకు ఈ ఊరి పేరుతోనే ఒక నియోజకవర్గం ఉండేది. 1952లో అక్కడ గెలిచి కేంద్ర కార్మికమంత్రి అయిన వి.వి.గిరి తరువాత రాష్ట్రపతి కూడా అయ్యారు. ఇప్పుడు పాతపట్నం శ్రీకాకుళం లోక్‌సభ స్థానంలో ఒక అసెంబ్లీ నియోజకవర్గం మాత్రమే. ఆధారం లేనిదీ, అక్కరలేనిదీ రాయనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ. అందులో మొదటి సగాన్ని శిరసావహిస్తున్నాం. రెండో సగాన్ని కూడా పాటిస్తే ఈ వ్యాఖ్యే ఉండదు.

టీక. మీ = ఓటర్ల జాబితాలో పేరున్న మీ యొక్క. ఓటును = ఏకవచనం. ఇది సార్వకాలికం కాదు. 1957లో పక్కనున్న పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో ఒక్కొక్కరికి రెండేసి ఓట్లుండేవి, ఆ పద్ధతి 1961 చట్టంతో పోయింది. గుర్తుపై వేసి = ఈ రెండు మాటలూ రెండు యుగాలవి. 1952లో అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద అతని గుర్తు ఉండేవి. ఓటరు కాగితాన్ని తనకు నచ్చిన పెట్టెలో నిజంగానే ‘వేసే’వాడు. ‘గుర్తుపై’ అన్నది ఆ తరువాత వచ్చిన ముద్ర కాలపు మాట. ఇప్పుడున్నది నొక్కుడు. కాబట్టి మూలంలో ప్రాచీన భాగమూ, ప్రక్షిప్త భాగమూ కలిసిపోయాయని పరిష్కర్తలు గమనించాలి. అమూల్యమైన = మూల్యము లేనిది, బహువ్రీహి. దీనికి లోకంలో ప్రచారంలో ఉన్న రెండో అర్థం పోలింగు ముందు రాత్రి అందరికీ తెలిసేదే కనుక వ్యాఖ్యానించడం లేదు. శాస్త్రార్థం మాత్రం చెప్పాలి. రాష్ట్రపతి ఎన్నికలో ప్రతి ఓటుకూ అంకెల్లో విలువ కడతారు. 2022లో ఎంపీ ఓటు విలువ 700, ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159. వారివి సమూల్యాలు. ఏ విలువా కట్టనిది సామాన్య ఓటరు ఓటు ఒక్కటే కనుక విశేషణం సార్థకం. మెజారిటీతో = సగానికి మించిన భాగంతో అని కాదు, రెండోవాడి మీద తేడాతో అని. సగం దాటి తీరాలన్న నియమం మళ్ళీ రాష్ట్రపతి ఎన్నికదే. 1969లో గిరిగారికి మొదటి ప్రాధాన్య ఓట్లతో సగం దాటకపోవడం వల్లనే రెండో ప్రాధాన్యాల దాకా లెక్కపెట్టవలసి వచ్చింది.

అన్వయం. ఇక్కడే చిక్కు. వాక్యం అర్థవంతం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఉండాలని తార్కికులంటారు. ‘నిప్పుతో తడుపు’ అన్న వాక్యంలో మాటలన్నీ ఉన్నాయి, యోగ్యత లేదు. మన మూలానిది కూడా అదే దోషమని మా వాదం. ‘అమూల్యం’, ‘అత్యధికం’ ఒక వాక్యంలో ఇమడవు, ఎందుకంటే రెండోది పెరిగేకొద్దీ మొదటిది తరుగుతుంది. 1989లో అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ లోక్‌సభకు 9 ఓట్ల తేడాతో గెలిచారు. ఐదుగురు అటు మారి ఉంటే ఫలితం తారుమారు. అక్కడ ఓటు అమూల్యమంటే ఎవరూ కాదనరు. 1991 నంద్యాల ఉప ఎన్నికలో పి.వి.నరసింహారావు తేడా సుమారు 5.80 లక్షలు. ఫలితం మారాలంటే 2.90 లక్షల మంది మనసు మార్చుకోవాలి. అంత దూరం పోనక్కరలేదు. శ్రీకాకుళంలో కింజరాపు రామ్మోహన్ నాయుడు 2019లో 6,653 ఓట్ల తేడాతో, 2024లో 3,27,901 ఓట్ల తేడాతో గెలిచారు. ఫలితం మార్చడానికి మొదటిసారి 3,327 మంది చాలు. రెండోసారి 1,63,951 మంది కావాలి. అభ్యర్థి అదే, ఊరు అదే, ఓటరు అదే. ఐదేళ్ళలో ఆ ఓటరు ఓటు బలం 49వ వంతుకు పడింది. అంటే అభ్యర్థి ఒకే ఊపిరిలో మీ ఓటు అమూల్యమనీ, దాని విలువను వీలైనంత తగ్గించమనీ ప్రార్థిస్తున్నాడు.

పూర్వపక్షం. ‘మెజార్టీ తగ్గితే పరువేటుంటాది?’ అని మన ప్రాంతపు పూర్వపక్షి అడుగుతాడు. పెద్ద తేడా వల్ల ఎంపీకి ఢిల్లీలో బరువు పెరుగుతుందనీ, 2024లో శ్రీకాకుళానికి కేంద్ర మంత్రి పదవి రావడమే సాక్ష్యమనీ అంటాడు. అది నిలవదు. ఆ ఎన్నికలో బీజేపీకి 240 స్థానాలే వచ్చాయి, సాధారణ ఆధిక్యానికి 272 కావాలి, తెలుగుదేశానికి 16 ఉన్నాయి. పదవికి మూలం ఆ పదహారు. శ్రీకాకుళంలో తేడా తొమ్మిది ఓట్లే అయినా పదహారు పదహారుగానే ఉండేది. నంద్యాల సంగతి ఇంకా తేటతెల్లం. అక్కడ పి.వి. మీద తెలుగుదేశం అభ్యర్థినే నిలపలేదు కనుక ఆ తేడా ఆయన బలం ఎంతో, ఎదుటి పక్షం ఖాళీ ఎంతో విడదీసి చెప్పదు. ఆ 5.80 లక్షలు వెంట ఉన్నా, 1993 జూలైలో అవిశ్వాస తీర్మానం నుంచి ఆయన ప్రభుత్వం 265–251తో, అంటే 14 ఓట్లతో బయటపడింది. నంద్యాల మిగులు సభలో ఒక్క ఓటుగా కూడా మారలేదు. సభలో ఒక ఎంపీకి ఒకటే ఓటు. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వం 269–270తో పడిపోయినప్పుడు, కొండలకు అవతల కోరాపుట్ ఎంపీ, అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ వేసిన ఓటు గురించి దేశమంతా తగువు పడింది. ఆయన కోరాపుట్‌లో ఎంత తేడాతో గెలిచారని ఆ రోజు అడిగినవారు లేరు.

రెండో పూర్వపక్షం దీనికంటే గట్టిది. చల్లిన విత్తనంలో కొంత పక్షులకు పోతుందని రైతు కాస్త ఎక్కువే చల్లుతాడు. అలాగే ఎన్ని ఓట్లు జారిపోతాయో తెలియదు కనుక ఎక్కువ అడగడం వివేకమే కదా? దీన్ని తేలికగా తీసెయ్యడానికి వీల్లేదు. అడిగింది సరిపోకపోవడం గిరిగారికే అనుభవం. 1957లో పార్వతీపురంలో ఆయన కొద్ది వందల ఓట్ల తేడాతో ఓడి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1959లో అక్కడా ఓడారు. అయినా సమాధానం ఉంది. చేయగలిగినదానినే విధించాలని మీమాంసకుల నియమం. ఓటరు చేయగలిగింది ఒక్క ఓటు వేయడం. ‘అత్యధికం’ అన్నది ఏ ఒక్కరి చేతిలోనూ లేదు, ఓటర్లు కూడబలుక్కుని కొలిచి పోసేదీ కాదు. ‘గెలిపించ ప్రార్థన’ అంటేనే రైతు చల్లిన అదనపు గింజలన్నీ అందులో ఇమిడిపోతాయి. ఆపైన చేర్చిన విశేషణం ఓటరును ఉద్దేశించింది కాదు. వచ్చేసారి టికెట్ ఇచ్చే అధిష్ఠానాన్నీ, పక్క నియోజకవర్గపు అభ్యర్థినీ ఉద్దేశించిందని మా అనుమానం. ఒకరిని పిలిచి మరొకరికి చెప్పడం నాటకాల్లో గుణం, ప్రార్థనలో దోషం.

పాఠాంతరం. కొన్ని ప్రతుల్లో ‘భారీ మెజారిటీతో’ అని కనిపిస్తుంది. దోషం అదే, ఛందస్సు కూడా మెరుగుపడలేదు. ‘కనీవినీ ఎరుగని’ అన్న పాఠం పరమ అర్వాచీనం, ఫ్లెక్సీ పొడవు పెరిగాక పుట్టింది. మా పరిష్కారం ఇది: ‘మీ అమూల్యమైన ఓటును మా గుర్తుపై వేసి, ఒక్క ఓటు తేడాతోనైనా గెలిపించ ప్రార్థన.’ దీనితో అన్వయం కుదురుతుంది, యోగ్యత నిలుస్తుంది, మొదటి విశేషణానికి చివరిదాకా పని ఉంటుంది. కాకపోతే ఈ పాఠాన్ని అచ్చు వేయించిన అభ్యర్థి, ఓడిపోతానేమోనని తానే ఒప్పుకున్నట్టవుతుంది. అందుచేత 2029 నాటి లేఖకులు కూడా పాత పాఠాన్నే అనుసరిస్తారని ఊహిస్తున్నాం.