ఆవకాయే నయం!

వెబ్‌సైటు అడ్రసు అసలుదేనని బ్రౌజరుకు చెప్పేది ఓ డిజిటల్ సర్టిఫికెట్. 2020 నుంచి దాని ఆయుష్షు గరిష్ఠంగా 398 రోజులు. బ్రౌజర్ల కంపెనీలు, సర్టిఫికెట్లిచ్చే సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో ఓటేసి మరీ దానికి కత్తెర వేశాయి. 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, మరుసటేడు 100, 2029లో 47!

జాడీలో ఆవకాయ ఏడాది నిలుస్తుంది. రెన్యువల్ అడగదు.

మన టీచర్ల అర్హత పరీక్ష టెట్ సర్టిఫికెట్‌ది ఎదురుదారి. ఏడేళ్ల గడువు కాస్తా 2021లో జీవితకాలమైంది. ఉద్యోగం రాకున్నా కాగితం కడదాకా తోడుంటుంది మరి.

ఏటా నవంబరులో ‘బతికే ఉన్నా’నంటూ వేలిముద్ర వేసొచ్చే కేంద్ర పెన్షనరు తాతగారి చెవిన ఈ 47 రోజుల లెక్క పడకపోవడమే మంచిది. ఆయన విన్నా పర్లేదు, బ్యాంకు వినకూడదు.