చెట్టు వేళకు రైలు దిగండి

కల్లు తాగాలంటే పనులన్నీ ముగించుకుని సాయంత్రం వెళ్ళమని అందరూ చెబుతారు. వినకండి. పని మొదలుపెట్టకముందే వెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి. బెంగళూరులో, హైదరాబాదులో బీరును అక్కడికక్కడే కాచే పబ్బుల్లో సరుకు ట్యాంకుల్లో వారాల తరబడి మాగుతూ మీకోసం ఆగుతుంది. తాటికల్లు ఎవరికోసమూ ఆగదు.

అందుకే చెన్నైలో పని ఉన్నా టికెట్ గూడూరు దాకానే కొనండి. సికింద్రాబాదు నుంచి వచ్చే సింహపురి ఎక్స్‌ప్రెస్‌కు గూడూరే ఆఖరి స్టేషన్, కాబట్టి నిద్రపట్టి దాటిపోతామన్న భయం కూడా లేదు. ఇక్కడినుంచి ఒక దారి రేణిగుంటకు, ఇంకోదారి చెన్నైకి చీలిపోతుంది. మీరు మాత్రం ఆ రెండూ వదిలేసి సముద్రం వైపు కదలండి. కోట, వాకాడు దిక్కున ఇసుక నేలల్లో తాళ్ళు, అంటే తాటిచెట్లు, ఉంటాయి. సొంత కారు వద్దు. ఆటో మాట్లాడుకోండి, తాగినవాళ్ళు బండి నడపకూడదు గదా.

దుకాణం అడ్రసు అడగకండి, చెట్టు ఎక్కడుందో అడగండి. ఈ మాట దగ్గర నేను మొండివాణ్ణే. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. కల్లులో మత్తుమందు కలిపితే నాలుకకు తెలియదు. మోకు బిగించి ఎక్కిన మనిషి, నడుముకు కట్టుకున్న కుండతో మీ కళ్ళముందే దిగితే, మధ్యలో కలపడానికి ఎవరికీ చోటుండదు. పైన తేనెటీగలు రెండు తేలుతుంటే మొహం తిప్పుకోకండి, వడగట్టి పోస్తారు. నాకైతే అవి కనిపిస్తేనే ధైర్యం.

గీసేవాళ్ళ పని చూడటానికైనా ముందు వెళ్ళాలి. గెల కొసను రోజుకు రెండుసార్లు పల్చగా చెక్కాలి. కాస్త లోతుగా తెగితే గెల పాడవుతుంది, పైపైన తెగితే ఊట రాదు. తాడు గెల వేయడానికే పన్నెండు, పదిహేనేళ్ళు పడుతుంది. కుండలో సున్నం పూస్తే పులియదు, అది నీరా. సున్నం లేకపోతే పాత కుండకు అంటుకున్న ఈస్టుతో చెట్టు మీదే పులియడం మొదలవుతుంది. తెల్లవారుజామున దించింది తియ్యగా, కొంచెం నురగతో ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ ఘాటు, పులుపు పెరుగుతాయి. నేను పోయే చెట్టు కింద పెద్దాయన ప్రతిసారీ ఒకటే మాట అంటాడు: "తొరగా తాగేసి పోండి సామీ, ఎండెక్కితే పులిసిపోతాది."

ఐసు అడగకండి. నిమ్మకాయ కూడా పిండకండి. గూడూరు మార్కెట్ నుంచి ఉత్తరాది దాకా నిమ్మకాయలు పోతాయి, వాటి మీద నాకు ప్రేమే. కానీ ఈ తీపి మీద పులుపు పోస్తే కుండలో ఉన్న రుచి మాయమైపోతుంది. తాటాకు దొన్నెలో పోయించుకోండి, పక్కన ఉడికిన వేరుశెనక్కాయలు చాలు.

స్నేహితుల్ని వెంటబెట్టుకోకండి. గుంపు చేరితే రెండో దొన్నె వస్తుంది, మూడోదీ వస్తుంది. ఒక్కదానితో లేవండి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. ఇళ్ళలో బియ్యం డబ్బులు సారా దుకాణానికి పోతున్నాయని రోడ్డెక్కారు. 1993లో సారా నిషేధం వచ్చింది. నెల్లూరు నేల మీద కూర్చుని తాగేవాడికి అది గుర్తుండాలి. జేబులో ఒక దొన్నెకు సరిపడా డబ్బే పెట్టుకోండి, కానీ బేరం ఆడకండి. అంత ఎత్తు ఎక్కి దిగిన మనిషికి ఇచ్చేది అది.

బాగుందని సీసాలో పట్టుకెళ్ళకండి. బిరడా బిగిస్తే లోపల పులుస్తూ గ్యాసు చేరి సీసా పగులుతుంది. పైగా తడ దాటితే తమిళనాడు, అక్కడ 1987 నుంచి కల్లు నిషేధం. కాస్త దూరమే, అవే తాళ్ళు.

మధ్యాహ్నం లోపల గూడూరు స్టేషన్‌కు తిరిగొచ్చి చెన్నై రైలు ఎక్కండి. చెట్టు దగ్గరనుంచి కదిలేముందు పెద్దాయన్ని ఒక్కటి అడగండి: వచ్చే మాఘంలో ఏ తాడు గీస్తాడో. ఆ తారీఖు చూసుకునే టికెట్ తీయండి.