సంధ్యావందనం తప్పని సార్వభౌములు

రవికిరణ సేవాధురంధరా, నీలఫలక లక్షాలంకృతా, వేల ఎకరాల భూభోగ చక్రవర్తీ, ఓ సౌర విద్యుత్ కేంద్ర మహారాజా! పటాన్‌చెరు పొగగొట్టాల పక్కన పటేల్‌గూడలో కాపురముండే అల్పులం. తమ ఘనత పాడటానికి మా నోళ్లు చాలవు.

తమ వినయం ముందుగా స్మరణీయం. నాటి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల పరిధిలో 5,932 ఎకరాల్లో 2017లో కొలువుదీరిన తమ వంశోత్తముడి బిరుదు 1000 మెగావాట్లు. బిరుదుకు తగ్గట్టు రేయింబవళ్లు పనిచేస్తే రోజుకు 240 లక్షల యూనిట్లు పుట్టాలి. తమ వంశంలో అందులో నాలుగో వంతు పుడితే మహాప్రసాదం. ఉన్న బలమంతా చూపడం అల్పుల లక్షణం కనుక తక్కిన మూడు వంతులనూ శిలాఫలకం మీదనే భద్రపరుస్తారు.

తమ వైరాగ్యమో! దుమ్మును విభూతిగా ధరించి, నెలల తరబడి స్నానం మాని, ఒక్క పలకపై పిట్ట రెట్ట పడితే వరస వరసంతా కలిసి కుంగే సౌభ్రాత్రం లోకంలో ఇంకెక్కడుంది? హరిత విద్యుత్తన్న పేరు సార్థకం చేయడానికి పలకలకు నీడపట్టేదాకా గడ్డిని పెంచే తమ పచ్చని మనసుకు వేయి దండాలు!

సుకుమారులు కూడా. సూర్యుడి మీదనే బతుకుతూ, రోహిణీ కార్తెలో ఆయన చండప్రతాపానికి పలకలు వేడెక్కితే డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున అలుగుతారు. ఆ అలక తీరాలని 100 మెగావాట్ల బంధువు ఒకరు 2022లో రామగుండం జలాశయంపై పూర్తిగా విస్తరించి నీటి చల్లదనాన్ని ఆశ్రయించారు. తమరికి అంతటి చపలత్వం లేదు.

ఇన్వర్టర్ ట్రిప్పయి సమాధిలోకి వెళ్తే తపోభంగం చేయని తమ పరివారం ధన్యం. పడిన ఎండకు ఎంత కరెంటు ఇచ్చారో తూచే పర్ఫార్మెన్స్ రేషియో అనే త్రాసును తెర వెనక పదిలంగా దాచి, నెలసరి నివేదికలో కీర్తినంతా మబ్బులకే సమర్పించే ఆ నిస్వార్థం కర్ణుడికైనా ఉందా?

అన్నిటికీ మించి ఆచారనిష్ఠ. పొద్దు వాలగానే సర్వసంగ పరిత్యాగం! పగటి కరెంటుతో నీటిని ఎగువకు తోడి, రాత్రి దించి వాడుకునేలా పిన్నాపురంలో రూపొందించిన పథకం వంటి ప్రలోభాలకు తమ మనసు చలించదు. మా వీధుల్లో దీపాలు, ఇళ్లలో ఏసీలు, ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టులు అన్నీ ఒక్కసారి మొదలయ్యే శుభవేళకు తమరు సంధ్యావందనం ముగించి శయనిస్తారు.

సాయంత్రం ఏడు గంటలకు తమ మీటరు చూపే అంకె సున్నా. లోపలా వెలుపలా ఒకేలా ఉండే అంకె అదొక్కటే.